ఇంట్లో ఇంకెవరికుంది?

ఏప్రిల్ 6

ఉక్కపోత మొదలైంది. సముద్రం పక్కనే ఉన్నా ఈ ఉద్దానం గాలికి ఒంటి మీద చెమట ఆరదు. గురుకులంలో పై అంతస్తు పిల్లలందరికీ మెడ వెనక, వీపు మీద, నడుం పట్టీ బిగిసే చోట చెమటకాయలు. చెమట బయటికొచ్చే సన్నటి గొట్టం నోరు మూసుకుపోతే, ఆ చెమట చర్మం లోపలే కారుతుంది. పైపొరలో ఆగితే తళతళలాడే నీటిపొక్కులు లేస్తాయి, దురద పెద్దగా ఉండదు, చేత్తో రాస్తే చిట్లిపోతాయి. కాస్త లోతున కారితే మాత్రం ఒళ్ళంతా సూదులు గుచ్చినట్టు.

దీనికి చల్లదనమే మందు. చన్నీళ్ళ స్నానం, ఫ్యాను గాలి, వదులుగా ఉండే నూలు బట్ట, తడిగుడ్డ. చురుకు మరీ ఎక్కువైతే కాలమిన్. అందులో ఉండేది జింకు ఆక్సైడు, రంగు కోసం ఇనుము ఆక్సైడు. రాశాక నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది. చెమట పట్టడం ఆగితే కొద్ది రోజుల్లో అవే అణగిపోతాయి.

చంటిపిల్లలకి నూనె దట్టంగా మర్దనా చేసి, ఆ జిడ్డు మీదే పౌడరు గుప్పిస్తారు. మూసుకుపోయిన గొట్టం మీద ఇంకో మూత వేసినట్టే అది. పైగా ఆ పౌడరు ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాపకి కాయలు లేచాయని వచ్చిన వంటావిడ కూతురితో ఈ నెలంతా నూనె మర్దనా ఆపమన్నాను. “అత్తగారు ఊరుకోరు సిస్టర్” అంది. అత్తగారిని తీసుకురమ్మన్నాను.

ఏప్రిల్ 11

చర్మవ్యాధుల పుస్తకాల్లో ఎక్కడ చూసినా “ఎర్రటి మచ్చ” అనే రాసుంటుంది. మా పిల్లల ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనబడుతుంది? చామనఛాయ మీద ఆ మంట ముదురు గోధుమగానో, ఊదాగానో, ఒక్కోసారి బూడిద రంగులోనో తేలుతుంది. నల్లటి ఒంటి మీద అసలు రంగే తెలియదు, తాకితే వెచ్చగా, గరుకుగా తగులుతుంది. లండన్‌లో వైద్యం చదువుతున్న మలోన్ ముక్వెండే అనే విద్యార్థి 2020లో తన అధ్యాపకులతో కలిసి ‘మైండ్ ద గ్యాప్’ అని ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. నల్లటి, చామనఛాయ చర్మాల మీద జబ్బులు ఎలా కనబడతాయో చూపించే ఫొటోలు అందులో ఉన్నాయి. ఒక విద్యార్థి పూనుకునేదాకా ఆ లోటు అలాగే ఉండిపోయిందంటే బాధగా ఉంటుంది.

ఇంట్లో చూసేటప్పుడు ట్యూబ్‌లైటు కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో, పక్కనుంచి చూడాలి. కుడి మోచెయ్యి మీద ఏదో లేస్తే ఎడమ మోచెయ్యి పక్కన పెట్టి పోల్చాలి. వేలితో తడమాలి. అరచేతులు, అరికాళ్ళు, కింది కనురెప్ప లోపల కూడా చూడాలి. ఒంటి మీద దాగిన రంగు అక్కడ బయటపడుతుంది.

ఏప్రిల్ 19

ఈ రోజంతా తామరతోనే సరిపోయింది.

ఎనిమిదో తరగతి పిల్లని చూడ్డానికి వాళ్ళమ్మ వచ్చింది. పిల్లకి తొడల మధ్య, నడుం చుట్టూ. తల్లికి పైటచాటున, చంకల్లో. ఇంట్లో ఇంకెవరికుందమ్మా అంటే, ఆయనకుంది, మరిదికుంది, అత్తగారికి మొదలవుతోంది అని వేళ్ళు మడిచింది. సంచిలోంచి నలిగిపోయిన ట్యూబు తీసి చూపించింది. “రాస్తే రెండ్రోజుల్లో దురద పోతాది సిస్టరమ్మా. ఆపితే మళ్ళీ వస్తాది, అంతకంతై వస్తాది.”

ట్యూబు వెనక అక్షరాలు చదివాను. క్లోబెటసాల్ అనే చాలా బలమైన స్టెరాయిడు, దానికి తోడు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. దురద పోయేది స్టెరాయిడు వల్ల. ఫంగస్ మీద ఒళ్ళు చేసే పోరాటమే మనకి దురదగా, మంటగా తెలుస్తుంది. స్టెరాయిడు ఆ పోరాటాన్ని నిద్రపుచ్చుతుంది. అడ్డులేని ఫంగస్ పక్కలకీ లోపలికీ పాకుతుంది. మామూలు తామర ఎవరైనా గుర్తుపడతారు. గుండ్రటి మచ్చ, అంచు లేచి పొట్టు రాలుతుంటుంది, నడిమధ్య మానినట్టు ఉంటుంది. ఈ ట్యూబులు రాశాక ఆ రూపే చెడిపోతుంది. వలయంలో వలయం వస్తుంది, ఒక్కోసారి అంచే ఉండదు. గజ్జల్లో చర్మం పలచబడి, కాన్పు తర్వాత పొట్ట మీద పడే చారల్లాంటివి పడతాయి. అవి మళ్ళీ పోవు. ఈ తల్లికి పడ్డాయి. ఆవిడకి ముప్పయ్యేళ్ళు కూడా లేవు.

స్టెరాయిడు క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం పద్నాలుగు మందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా కౌంటర్లో అడిగితే ఇస్తూనే ఉన్నారు. ఈలోగా మన దేశపు తామరే మారిపోయింది. 2020లో జపాన్ పరిశోధకులు ఒక కొత్త ఫంగస్‌ని వర్ణించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది. వాడి వాడి అలవాటైన టెర్బినాఫిన్ మాత్రకి అది చాలాసార్లు లొంగదు. ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతోంది. ఇంతకుముందు పదిహేను రోజుల్లో మానే జబ్బుకి ఇవాళ నెలలు పడుతోంది.

ఆవిడకి కాగితం మీద రాసిచ్చాను. పాత ట్యూబు ఆపాలి, ఆపిన వారం దురద ఎక్కువవుతుంది, భయపడకూడదు. ఒక్క ఫంగస్ మందు మాత్రమే ఉన్న క్రీము రాయాలి. క్లోట్రిమజోల్ లాంటివి, ట్యూబు మీద ఇంకే పేరూ ఉండకూడదు. మచ్చ మీదే కాక అంచుకి బయట రెండు వేళ్ళ వెడల్పు కూడా రాయాలి. కనబడకుండా పోయాక ఇంకో రెండు వారాలు రాయాలి. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో తువ్వాలు. లోపలి బట్టలు వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. స్నానం అయ్యాక ఒళ్ళు పూర్తిగా ఆరనివ్వాలి.

మొలతాడు గురించి చెప్పడానికి కాస్త తటపటాయించి, చెప్పేశాను. ఎప్పుడూ తడిగా ఉండే ఆ దారంలో ఫంగస్ కూర్చుని ఉంటుంది. నడుం చుట్టూ తామర ఉన్నవాళ్ళు మానేదాకా తీసెయ్యాలి, తియ్యడం ఇష్టం లేకపోతే కొత్తది మార్చుకుంటూ ఉండాలి. “ఆయన తియ్యరు” అంది. వెండిది వేయించు అన్నాను. దానికి ఒప్పుకుంది.

ఇంతమందికి, ఇంత మేర ఉంటే క్రీము ఒక్కటే చాలదు, మాత్రలు కావాలి. అవి డాక్టరు రాయాలి. సోమవారం అందరూ కలిసి వెళ్ళేటట్టు ఒప్పించాను.

ఏప్రిల్ 20

నిన్న రాయడం మరిచిన సంగతి. పెరట్లో పచ్చగా కొవ్వొత్తుల్లా పూసే సీమ అవిసె ఆకు నూరి తామరకి పూయడం మన పల్లెల్లో పాతకాలపు వైద్యం. ఊరికే పుట్టిన నమ్మకం కాదది, ఆ ఆకులో ఫంగస్‌ని అణచే గుణం ఉంది. చిన్న మచ్చకి పూసుకుంటే నేను తప్పు పట్టను. వెల్లుల్లి నూరి కట్టడం, కిరసనాయిలు రాయడం, సున్నం పెట్టడం మాత్రం వద్దే వద్దు. వెల్లుల్లి కట్టిన చోట నిప్పు తగిలినట్టు కాలిపోయి వచ్చిన పిల్లలు ఉన్నారు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోయినా అంతే, పొక్కి నల్లటి మచ్చ మిగులుతుంది. ఆకులో ఉన్నంత మాత్రాన ఏదీ మెత్తటిది కాదు.

ఏప్రిల్ 27

సెలవులకి పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు వచ్చారు. పలాస జీడి బట్టీల్లో పనిచేసే తల్లుల్ని చేతులే చెబుతాయి. వేళ్ళ చివర్లు నల్లగా, పగిలి, పొరలు లేచి ఉంటాయి. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, తర్వాత తర్వాత పడకుండా చేసి దద్దు పుట్టిస్తుంది. పప్పు తీసే ముందు చేతులకి నూనె రాసుకుంటారు, బూడిద అద్దుకుంటారు. చేతితొడుగులు వేసుకుంటే పప్పు విరగకుండా తీసే వేగం పోతుందట, కూలి పడిపోతుందట. ఆ లెక్క ముందు నా సలహా నిలబడదు. పని మధ్యలో ఆ చేత్తో కళ్ళు, ముఖం తుడుచుకోవద్దనీ, ఇంటికెళ్ళాక సబ్బుతో కడిగి వాజలిన్ పట్టించుకుని పడుకోమనీ చెప్పాను. బట్టీ యజమానులు సరైన తొడుగులు ఇచ్చి, ఆ తగ్గిన కూలి భర్తీ చెయ్యాలి. అది మందు సీసాలో దొరకదు.

మామిడి, జీడిమామిడి, చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి, మూడూ ఒకే కుటుంబం. రెండో ప్రపంచయుద్ధం నాడు మన దేశంలో ఉన్న విదేశీ సైనికులకి కాలరు వెనక గుర్తు పెట్టిన చోటే దద్దు లేచేది. ఈ రెండు నెలలు పిల్లల పెదాల చుట్టూ కనబడే పుండ్లు చాలావరకు మామిడి సొన పనే. కాయ కోసిన వెంటనే తొడిమ కిందికి పెట్టి సొన కారనిచ్చి, కడిగి తినాలి. సొన తగిలితే తుడవడం కాదు, సబ్బూ నీళ్ళూ.

మే 14

పెళ్ళిళ్ళ మాసం. మా చిన్నాన్న కొడుకు పెళ్ళిలో పెద్ద బావగారి కనురెప్పలు ఉబ్బిపోయి కళ్ళు తెరవలేకపోయారు. అన్నం పడలేదన్నారు ఒకరు, దిష్టి అన్నారు ఇంకొకరు. మొన్న రాత్రి తలకి రంగు వేశారా బావా అని అడిగాను. వేశారు. నల్లరంగులో ఉండే పీపీడీ అనే పదార్థం పడనివాళ్ళకి రంగు తలకే వేసినా వాపు రెప్పల మీద, చెవుల వెనక వస్తుంది. అక్కడి చర్మం పలచన కాబట్టి. అలా ఒకసారి వచ్చినవాళ్ళకి ఆ రంగు జన్మలో పనికిరాదు. గోరింటాకులో కలిపి అమ్మే నల్ల కోనుల్లోనూ అదే ఉంటుంది. స్వచ్ఛమైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు.

అదే పందిట్లో ఒకావిడ నుదుట బొట్టుబిళ్ళ కింద సరిగ్గా బిళ్ళంత తెల్లమచ్చ చూశాను. జిగురులో ఉండే ఒక రసాయనం చర్మానికి రంగిచ్చే కణాల్ని చంపుతుంది. బొల్లి అనుకుని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదట. బిళ్ళ మానేస్తే కొంతమందికి రంగు తిరిగొస్తుంది, అందరికీ రాదు. ఎంత తొందరగా మానితే అంత మేలు. దురద మొదలైనప్పుడే మానితే ఇంకా మేలు.

గిల్టు గొలుసు, జీన్స్ గుండీ, వాచీ బిళ్ళ, ఇవి తగిలే చోటే ఆకారం దిద్దినట్టు దద్దు లేస్తే నికెల్. ఒంటి మీద మచ్చ ఏ వస్తువు ఆకారంలో ఉందో చూస్తే చాలు, సగం పరీక్ష అయిపోయినట్టే.

జూన్ 17

బడి తెరిచారు. సెలవుల్నుంచి పిల్లలు పచ్చళ్ళతో పాటు గజ్జి కూడా తెచ్చారు.

వేళ్ళ సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుం, పిరుదులు. పగలు ఓర్చుకునే దురద రాత్రి దుప్పటి కప్పుకోగానే పెట్రేగుతుంది. కంటికి ఆనీ ఆనని ఆడ పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి రెండు వారాలు చాలు. ఒక మనిషి ఒంటి మీద ఉండేవి సాధారణంగా పది పదిహేనే. ఒళ్ళంతా లేచే కాయలు, దురద ఆ పురుగు మీద శరీరానికి కలిగే ఎలర్జీ వల్ల.

అందుకే మొదటిసారి పట్టినవాళ్ళకి నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఏ దురదా ఉండదు. ఆ నెలన్నరా పక్కన పడుకున్నవాళ్ళకి అంటిస్తూనే ఉంటారు. దురద ఉన్న పిల్లకి ఒక్కదానికే మందు రాస్తే లాభం లేకపోవడానికి కారణం ఇదే. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి రాసుకోవాలి. డార్మిటరీ డార్మిటరీ మొత్తం ఒకే రాత్రి.

శనివారం రాత్రి పెట్టాం. గోళ్ళు కత్తిరించాం. ఐదు శాతం పెర్మెత్రిన్ క్రీము, మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డులో, పిరుదుల మడతల్లో. దురద ఉన్న చోటే రాసుకుంటాం అన్న పిల్లల్ని కూర్చోబెట్టి పురుగు ఎలా నడుస్తుందో చెప్పాం. రాత్రి చేతులు కడుక్కుంటే మళ్ళీ రాసుకోవాలి. తెల్లవారాక స్నానం. మూడు రోజులుగా వాడిన దుప్పట్లు, తువ్వాళ్ళు, బట్టలు వేడినీళ్ళలో వేశాం. ఉతకలేనివి సంచిలో మూతికట్టి వారం పక్కన పడేశాం. మనిషి ఒంటి వేడి లేకపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. మళ్ళీ వచ్చే శనివారం ఇదంతా ఇంకోసారి, ఎందుకంటే గుడ్లు కొన్ని మిగిలిపోతాయి.

సైన్సు టీచరు అడిగారు, గంధకం ఏమైందని. అదీ మంచి మందే, రాతిరి వెంబడి రాతిరి మూడు రోజులు రాయాలి, వాసన ఓర్చుకోవాలి. రెండు నెలల లోపు పసిబిడ్డలకి ఇప్పటికీ డాక్టర్లు అదే రాస్తారు.

జూన్ 19

ఒక తండ్రి ఫోనులో అరిచాడు. “మా ఇంట్లో గజ్జి ఏటి? మేం అంత మురికోళ్ళమా?” కోపం కాదది, సిగ్గు. నాకు ఈ మాట విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. గజ్జికి మురికితో పని లేదు. మనుషులు దగ్గర దగ్గరగా పడుకుంటే చాలు. తల్లి పక్కలో బిడ్డకి, అక్క పక్కలో చెల్లికి వస్తుంది. రోజుకి రెండుసార్లు స్నానం చేసేవాళ్ళకీ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. నిర్లక్ష్యం చేసేది ముందుగా ఈ సిగ్గే. దాచుకుంటారు, దాచుకున్న ఇంటి నుంచే పిల్ల మళ్ళీ తెచ్చుకుంటుంది.

అందుకే ఇళ్ళకి చీటీలు పంపాం. పేర్లు లేవు, ఎవరికి ఉందో లేదు. ఫలానా శనివారం రాత్రి ఇంటిల్లిపాదీ రాసుకోండి, క్రీము పిల్ల చేతికిస్తున్నాం అని మాత్రం రాశాం.

జూన్ 30

రెండు విడతలూ అయ్యాయి. కొంతమందికి దురద ఇంకా ఉంది. చచ్చిన పురుగులు, వాటి రెట్ట చర్మంలోంచి పోయేదాకా రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ రాసుకుంటే చర్మం ఎండి ఆ ఎండు వల్ల దురద పెరుగుతుంది. కొబ్బరినూనె, రాత్రికి సెట్రిజిన్, ఓపిక. కొత్తగా సొరంగాలు, కొత్త కాయలు లేస్తే మాత్రమే మళ్ళీ మందు.

ఐదో తరగతి పాపకి గోకిన చోట్ల పచ్చటి పక్కులు కట్టాయి. చీము పట్టిన గజ్జిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ చీము చేసే సూక్ష్మజీవి కొన్ని వారాల తర్వాత మూత్రపిండాల మీద దెబ్బ తియ్యగలదు. పొద్దున్నే ముఖం ఉబ్బినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా నాకు చెప్పమని పాపకీ, పక్క మంచం పిల్లకీ చెప్పాను. మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళ దీపాలు ఆర్పిందో ఉద్దానంలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. డాక్టరు గారు యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

ఆగస్ట్ 8

వరి నాట్లయ్యాయి. ట్యూబ్‌లైట్ల చుట్టూ పురుగులు. పొద్దున లేచేసరికి ఒక పిల్ల మెడ మీద అడ్డంగా కాలిన చార, ఇంకో పిల్లకి మోచెయ్యి మడతలో అటూ ఇటూ అచ్చు ఒకేలాంటి రెండు మచ్చలు. మడత పెడితే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. “ఏదో పురుగు పాకింది” అంటారు, సాలీడు మీదికి నెట్టేస్తారు.

చీమలా సన్నగా, సెంటీమీటరు కూడా లేని నారింజ, నలుపు పట్టీల పురుగు ఇది. కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు నిద్రమత్తులో చేత్తో నలిపేస్తాం. దాని ఒంట్లో ఉన్న పెడెరిన్ అనే విషం అప్పుడు చర్మానికి అంటుకుంటుంది. ఆ విషాన్ని తయారుచేసేది కూడా పురుగు కాదు, దానిలో కాపురముండే ఒక బాక్టీరియా. మంట అప్పుడే తెలియదు, ఒకరోజు తర్వాత మొదలవుతుంది. పొలంలో ఇదే పురుగు వరి సుడిదోమల్ని తినే రైతు నేస్తం.

వాలితే ఊది పంపెయ్యాలి, నలపకూడదు. నలిగిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చెయ్యి కంటికి తగలనివ్వకూడదు. తర్వాత చల్లటి తడిగుడ్డ, కాలమిన్. మంట ఎక్కువుంటే డాక్టరు కొద్ది రోజులకి స్టెరాయిడు క్రీము రాస్తారు. తామరకి విషమైన మందే ఇక్కడ మేలు చేస్తుంది. నేను ఆ మందుకి శత్రువుని కాదు, పేరు తెలియని జబ్బు మీద దాన్ని పూయడానికి శత్రువుని. పది రోజుల్లో మానుతుంది, నల్లమచ్చ నెలలపాటు ఉంటుంది. పడుకునే ముందు లైటు తీసి, దుప్పటి దులుపుకోమన్నాను.

ఆగస్ట్ 23

జ్వరంతో ఉన్న పిల్ల కాళ్ళ మీద సన్నటి చుక్కలు. గాజుగ్లాసు అంచు కాకుండా అడుగు పెట్టి నొక్కి చూశాను. మామూలు దద్దు నొక్కితే పాలిపోతుంది. ఈ చుక్కలు పోలేదు. అంటే చర్మం కింద రక్తం చిమ్మింది. గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. డెంగీ.

ఇలాంటి జ్వరంలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టకూడదు. పారాసెటమాల్ ఒక్కటే. జ్వరం తగ్గిందని సంబరపడే రోజే కనిపెట్టుకుని ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తు అప్పుడే మొదలవుతాయి.

కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఒళ్ళంతా దద్దు లేచి, దానితో నోటిలో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం, చర్మం ముట్టుకుంటే నొప్పి ఉంటే అదీ ఇంటి వైద్యం కాదు. మూర్ఛ మాత్రలు, గౌటు మాత్రలు, సల్ఫా మందులు వేసుకునేవాళ్ళ ఇళ్ళలో ఇది తెలిసి ఉండాలి. మాత్ర సీసాతో సహా ఆసుపత్రికి పోవాలి.

సెప్టెంబర్ 12

దద్దుర్లు. మధ్యాహ్నం వంకాయ కూర తిన్న పిల్లకి సాయంత్రం లేచాయి, వంకాయ మీద నేరం పడింది. అదే కూర మిగతా పిల్లలందరూ తిన్నారు, వారం కింద ఈ పిల్లా తిన్నది. నిజానికి పిల్లల్లో దద్దుర్లకి ఎక్కువసార్లు కారణం అంతకుముందొచ్చిన జలుబు, జ్వరం. ఒక దద్దు చుట్టూ పెన్నుతో గీత గీశాను. పొద్దుటికి గీత ఉంది, దద్దు లేదు, ఇంకో చోట లేచింది. ఇరవై నాలుగు గంటల్లో మాయమై వేరే చోట తేలేది దద్దుర్లే, తామరా గజ్జీ అలా తిరగవు. సెట్రిజిన్, చల్లటి నీళ్ళు చాలు. పెదాలు, నాలుక వాచినా, గొంతు బిగిసినా, ఊపిరి ఆడకున్నా 108కి ఫోను చెయ్యడమే.

ఏ కారణమూ లేకుండా వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ మాన్పించి ఎదిగే పిల్లని ఎండబెట్టొద్దని వాళ్ళ నాయనమ్మకి ఫోనులో చెప్పాను.

అక్టోబర్ 30

తొమ్మిదో తరగతి పిల్ల చెంప మీద పాలిపోయిన మచ్చ. పిల్లల చెంపల మీద వచ్చే ఇలాంటి పొడి మచ్చలు చాలావరకు ఎండకీ పొడికీ వచ్చేవే, వాజలిన్‌తో పోతాయి. అయినా ఒంటి మీద రంగు తగ్గిన ప్రతి మచ్చకీ దూది పోగు పరీక్ష చేస్తాను. కళ్ళు మూసుకోమని దూదిపోగు తాకించి, ఎక్కడ తగిలిందో వేలు పెట్టమంటాను. స్పర్శ లేని మచ్చ, దురద లేని మచ్చ, చెమట పట్టని మచ్చ కుష్ఠు కావచ్చు. దేశంలో ప్రజారోగ్య సమస్యగా అది తొలగిపోయిందని 2005 చివర్లో లెక్క తేలింది, కానీ జబ్బు పోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం. ఆరు నెలలో, ఏడాదో వాడితే నయం. అందాకా తామర అనుకుని ట్యూబులు పూస్తూ కూర్చుంటే ఈలోపు నరం పోతుంది. ఈ పిల్ల ప్రతిసారీ సరిగ్గా వేలు పెట్టింది.

జనవరి 19

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు పెదనాన్నకి కుడి పక్కటెముకల మీద మూడు రోజులుగా మంట. ఆ రోజే బొబ్బలు గుత్తులు గుత్తులుగా లేచాయి. సర్పి. కుమ్మరి దగ్గర ఎర్రమట్టి పూయించడానికి బయల్దేరుతున్నారు. సర్పి ఒంటి చుట్టూ పాకి రెండు తలలూ కలిస్తే ప్రాణం పోతుందని పెద్దమ్మ ఏడుపు. చిన్నప్పుడు పోసిన అమ్మవారి తాలూకు వైరస్ నరం మొదట్లో దాక్కుని, వయసు మీద పడ్డాక ఆ ఒక్క నరం వెంటే బయటికొస్తుంది, నరం ఒంటికి ఒక పక్కకే ఉంటుంది కాబట్టి ఇది నడిమి గీత దగ్గరే ఆగుతుందని చెప్పి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

బొబ్బ లేచిన 72 గంటల్లో వైరస్ మందు మొదలుపెడితే ఆ తర్వాత నెలల తరబడి పీడించే నరాల నొప్పి ముప్పు తగ్గుతుందని చెబుతారు, కనీసం ఇప్పటి బాధైనా త్వరగా తీరుతుంది. మట్టి పూస్తూ ఆ మూడు రోజులూ పోగొట్టుకుంటారనే నా దిగులు. నుదుటి మీదో, ముక్కు కొన మీదో లేస్తే కన్నే ప్రమాదంలో ఉన్నట్టు. పెదనాన్న మూత్రపిండాల పరిస్థితి చూసి డాక్టరు మోతాదు తగ్గించి రాశారు. నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దని గట్టిగా చెప్పారు.

ఫిబ్రవరి 21

ఆరో తరగతిలో అమ్మవారు పోసింది. ముగ్గురు.

తల్లులు వేపమండలు తెచ్చి మంచం చుట్టూ కట్టారు. నేను అడ్డు చెప్పలేదు. ఆ మండల వల్ల పిల్లని వేరే గదిలో ఉంచుతారు, నలుగురూ ముట్టుకోరు, చప్పుడు చెయ్యరు. ఇవన్నీ మేలే. స్నానం మాన్పించడం ఒక్కటే నేను ఒప్పుకోను. గోరువెచ్చని నీళ్ళు రోజూ పోసి, రుద్దకుండా అద్ది తుడిస్తే పొక్కులకి చీము పట్టదు. గోళ్ళు కత్తిరించాను, పొక్కుల మీద కాలమిన్ వేశాను. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే. ఆస్పిరిన్ ఇస్తే పిల్లల్లో మెదడూ కాలేయమూ దెబ్బతినే అరుదైన ప్రమాదం ఉంది, ఐబుప్రోఫెన్ కూడా వద్దు. పథ్యం పేరుతో ఉత్త మజ్జిగన్నమే పెడతామన్న తల్లితో పప్పు, పండు కూడా పెట్టమన్నాను. అమ్మవారికి పిల్ల ఆకలితో ఉండటం ఇష్టముండదు కదా అన్నాను. తలూపింది.

పొక్కు కనబడక ముందు ఒకటి రెండు రోజుల నుంచే ఇది అంటుకుంటుంది. అన్ని పొక్కులూ పక్కు కట్టేదాకా ఆగదు. అంటే ఆ తరగతి పిల్లలందరూ ఇప్పటికే దాని గాలి పీల్చారు. దీన్ని ఆపే టీకా ప్రభుత్వం అందరికీ వేసే వాటిలో లేదు.

ఆ తరగతికి తెలుగు చెప్పే టీచరు ఐదో నెల గర్భిణి. చిన్నప్పుడు పోసిందో లేదో ఆవిడకి గుర్తులేదు, వాళ్ళమ్మకీ సరిగ్గా గుర్తులేదట. రేపు పొద్దున్నే పలాసలో రక్తపరీక్షకి పంపుతున్నాం. రక్షణ లేదని తేలితే పది రోజుల లోపు ఇవ్వాల్సిన ఇంజెక్షను ఒకటుంది, అది ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే జిల్లా ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కోవాలి. ఫలితం వచ్చేదాకా ఆవిడ క్లాసులు నేనూ సైన్సు టీచరూ పంచుకుంటాం అని ప్రిన్సిపాల్ మేడమ్‌తో చెప్పాను.